పదకొండు తాబేళ్ళ రిపోర్టు

నాగమల్లేశ్వరి పని చేసే ల్యాబు సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. పాత పారిశ్రామిక భవనంలో ఆరో అంతస్తు. అక్కడికి కోడి కాలేయాలు, చేపల కండ, పాలపొడి, పశువుల దాణా వస్తుంటాయి. వాటిలో కొవ్వులో కరిగే విటమిన్లు, అంటే ఎ, డి, ఇ, కె, ఎంతెంత ఉన్నాయో కొలిచి రిపోర్టు ఇవ్వడం ఆమె విభాగం పని. ఇక్కడికి రాకముందు భీమవరంలో ఒక దాణా ల్యాబులో ఎనిమిదేళ్ళు అదే పని చేసింది. భర్త వీరాస్వామికి జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయన ప్లాంటులో ఉద్యోగం దొరికాక సింగపూర్ వచ్చి, రెండేళ్ళు ఖాళీగా ఉండి, ఈ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది. చేరి తొమ్మిదేళ్ళయింది. చదువు బి.ఎస్సీ. దగ్గరే ఆగిపోయింది. అందుకే చుట్టూ డాక్టరేట్లు ఉన్నవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆమె విని ఊరుకునేది తప్ప నోరు విప్పేది కాదు.

ఆమె గదిలో తెల్ల దీపాలు ఉండవు. వెలుతురు తగిలితే విటమిన్ ఎ పాడైపోతుంది. అందుకని పసుపు దీపాలు, గోధుమరంగు గాజు సీసాలు. కొత్తగా చేరినవాళ్ళు ఆ గదిలో గంటసేపు కూర్చుంటే కళ్ళు లాగుతున్నాయంటారు. ఆమెకి అది ఇంట్లో వంటగది లాంటిది.

కాలేయంలో విటమిన్ ఎ విడిగా ఉండదు. కొవ్వు ఆమ్లాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కాలేయం ముక్కని క్షారంలో ఉడికిస్తే కొవ్వంతా సబ్బుగా మారిపోయి, విటమిన్ విడివడుతుంది. దాన్ని హెక్సేన్ అనే ద్రావకంలోకి లాగి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని విటమిన్ కొలిచే మెషీనుకి ఎక్కిస్తారు. విడివడిన విటమిన్‌నే మెషీను లెక్కలోకి తీసుకుంటుంది. కొవ్వుని ఇంకా వదలనిది దాని కంటికి ఆనదు.

మొన్నటిదాకా ఈ పనంతా చేత్తో జరిగేది. ఒక గ్రాము కాలేయం, పెద్ద ఫ్లాస్కు, ముప్పావు గంట ఉడకబెట్టడం, ఆ తర్వాత సెపరేటింగ్ ఫన్నెల్ అనే, కింద కుళాయి ఉన్న గాజు గరాటులో మూడుసార్లు హెక్సేన్‌తో కడగడం. రోజుకి పన్నెండు శాంపిళ్ళు అయితే గొప్ప. ఈ సంవత్సరం మొదట్లో మేనేజరుగా వచ్చిన డాక్టర్ అభిజిత్ దాన్ని మార్చేశాడు. హైదరాబాద్ కుర్రాడు, ముప్పై మూడేళ్ళవాడు, చురుకైనవాడు. అతని పద్ధతిలో చిటికెడు కాలేయం చిన్న ట్యూబులో వేసి, కొంచెం క్షారం పోసి, పావుగంట వేడి చేస్తే చాలు. ఊపే పని, కడిగే పని రోబో చూసుకుంటుంది. రోజుకి అరవై శాంపిళ్ళు. ప్రతి బ్యాచ్‌తోపాటు విటమిన్ ఎంతుందో ముందే తెలిసిన పాలపొడిని ఒక ట్యూబులో నడిపేవారు. ఆ అంకె సరిగ్గా వస్తే బ్యాచ్ పాసైనట్టు. ఎప్పుడూ పాసయ్యేది.

ఆ గురువారం ఉదయం నాగమల్లేశ్వరి శాంపిళ్ళు తీసుకునే కౌంటర్ దగ్గర ఉంది. క్రాంజీలో వదిలేసిన తాబేళ్ళని సాకే ఒక సంరక్షణ కేంద్రం ఉంది. అక్కడి పశువైద్యురాలు హుయ్ మిన్ ఐస్ పెట్టె పట్టుకుని తనే స్వయంగా వచ్చింది. ఎప్పుడూ కొరియర్‌లో పంపేది.

"నాకు సాయంత్రానికల్లా కావాలి ఆంటీ. ప్లీజ్ లా," అంది హుయ్ మిన్ సింగపూర్ యాసలో. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఏమైంది డాక్టర్?"

హుయ్ మిన్ ఇంగ్లీషులో గబగబా చెప్పుకొచ్చింది. నెల రోజుల్లో పదకొండు తాబేళ్ళు చచ్చిపోయాయి. కళ్ళు వాచి, మేత మానేశాయి. అలా కళ్ళు వాస్తే విటమిన్ ఎ లోపం అయి ఉండొచ్చని అనుమానించి, చనిపోయిన పదకొండింటి కాలేయాలూ మూడు విడతలుగా ఈ ల్యాబుకే పంపింది. మూడు రిపోర్టులూ ఒకే మాట చెప్పాయి: ఉండాల్సినదాంట్లో మూడో వంతే ఉంది. దాంతో బతికి ఉన్న ముప్పై ఆరు తాబేళ్ళకీ విటమిన్ ఎ ఇంజెక్షన్ ఇచ్చింది. వారం గడిచింది. నయం కాలేదు సరికదా, మెడ దగ్గరా కాళ్ళ దగ్గరా చర్మం పొరలు పొరలుగా ఊడిపోతోంది. నిన్న ఇంకొకటి పోయింది.

"డోసు చాలలేదనుకుంటున్నా. రేపు పొద్దున తొమ్మిదింటికి రెండింతలు ఇస్తాను. ఇది నిన్న పోయినదాని కాలేయం. ఒక్కసారి చూసి చెప్పండి."

ఆమె వెళ్ళిపోయాక కూడా నాగమల్లేశ్వరి ఐస్ పెట్టె ముందు అలాగే నిలబడిపోయింది. చర్మం ఊడటం అన్న మాట ఆమెని పట్టుకుంది. సి విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. కొవ్వులో కరిగేవి అలా పోవు, కాలేయంలో పేరుకుంటాయి. విటమిన్ ఎ తక్కువైనా చర్మం చెడుతుంది, ఎక్కువైనా చెడుతుంది. భీమవరంలో ఆమెకి పని నేర్పిన గురునాథం గారు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పి ఉంటారో.

ఆమె ముక్క కోసి, తూచి, కొత్త పద్ధతిలోనే ట్యూబులో పెట్టింది. పావుగంట తర్వాత బయటికి తీసి, రోబోకి ఇవ్వకుండా కొంచెం నీళ్ళు పోసి పసుపు దీపానికి ఎత్తి పట్టుకుని చూసింది. కొవ్వంతా సబ్బుగా మారి ఉంటే నీళ్ళు తేటగా ఉండాలి. ట్యూబు అంచు చుట్టూ నూనె తెట్టు తేలుతోంది.

ఆ తెట్టుని ఆమె చూడటం అది మొదటిసారి కాదు. మూడు వారాల కిందట మొదటి తాబేళ్ళ బ్యాచ్‌లో కూడా అలాంటి మెరుపు కనిపించింది. పాలపొడి పాసైంది కదా అని ఊరుకుంది. ఇప్పుడది గుర్తొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు నిమిషాలయ్యాక లేచి అభిజిత్ గదికి వెళ్ళింది.

"అభిజిత్ గారూ, తాబేళ్ళ రిపోర్టులు తప్పేమోనండీ."

అభిజిత్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తాడు. "ఎట్లా మేడమ్? కంట్రోల్ ప్రతిసారి పాసైంది కదా. నూటికి తొంభై ఎనిమిది వచ్చింది. ఇంకేం కావాలె?"

"పాసైంది పాలపొడండీ. పాలపొడిలో కొవ్వెంత, ఈ తాబేలు కాలేయంలో కొవ్వెంత? జబ్బు పడ్డ తాబేలు కాలేయం వెన్నముద్దలా ఉంది. మనం పోసే క్షారం, ఆ పావుగంటా దీనికి చాలవు. కొవ్వు సగం కూడా విరగలేదు. విటమిన్ అంతా అందులోనే ఉండిపోయింది. మెషీనుకి కనబడేది పైపైన విడిపోయిన కాస్తే."

"మనం శాంపిల్‌లో విటమిన్ కలిపి కూడా చూసినం. కలిపిందంతా తిరిగొచ్చింది."

"మనం కలిపింది ముందే విడిగా ఉన్న విటమిన్ కదండీ. అది రాకేం చేస్తుంది? లోపల కొవ్వుతో కలిసి ఉన్నదాని సంగతి అది చెప్పదు."

అభిజిత్ ల్యాప్‌టాప్ మూశాడు. పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆ పద్ధతి అతను ఆరు నెలలు కూర్చుని తయారు చేసింది. పై ఆఫీసులో దాని గురించి మెచ్చుకుంటూ మాట్లాడారు.

"మరి ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు మేడమ్?"

"చెప్పాల్సింది. మొదటి బ్యాచ్‌లోనే తెట్టు చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ తప్పు నాది." ఆమె బల్ల దగ్గరికి జరిగింది. "ఇవాళ మధ్యాహ్నం మెషీను నాకివ్వండి. పాత పద్ధతిలో చేసి చూపిస్తాను. నాది తప్పని తేలితే రేపటి నుంచి మీరు చెప్పినట్టే."

అతను గోడ గడియారం చూశాడు. "రెండింటి నుంచి మెషీన్ ఖాళీగనే ఉంటది. చేయండి."

స్టోరు గదిలో అట్టపెట్టెల వెనక పాత ఫన్నెళ్ళు దొరికాయి. వాటిని కడిగి ఆరబెట్టింది. పదకొండు కాలేయాల్లో మిగిలిన ముక్కలు ఫ్రీజర్‌లో భద్రంగానే ఉన్నాయి. అన్నీ చేసే టైము లేదు. నాలుగింటిని తీసుకుంది, నిన్న పోయిన తాబేలుది అయిదోది. గ్రాము గ్రాము తూచి, ఆల్కహాలు, విటమిన్ గాలికి పాడవకుండా ఆస్కార్బిక్ ఆమ్లం, ఆ తర్వాత క్షారం, పాత లెక్క ప్రకారం పోసింది. పాలపొడిని ఆరో ఫ్లాస్కులో పెట్టింది. ఉడికేంతసేపూ పక్కనే నిలబడి ఒక్కో ఫ్లాస్కునీ తిప్పుతూ ఉంది. మొదట అంతా మడ్డిగా ఉంది. అరగంటకి పలచబడింది. ముప్పావు గంటకి తేనెలా తేటబడింది. నీళ్ళు పోసి చూసింది. తెట్టు లేదు.

ఫన్నెల్‌లోకి వంచి హెక్సేన్ పోశాక అసలు పని మొదలవుతుంది. గట్టిగా ఊపితే సబ్బు నురగ కట్టి, రెండు పొరలూ కలగలిసిపోతాయి. మెల్లగా తిప్పితే విటమిన్ పైకి రాదు. ఎంత జోరుగా తిప్పాలో కాగితం మీద ఎవరూ రాయలేరు. ఆమె మణికట్టుకి అది తెలుసు. తిప్పడం, తలకిందులు చేయడం, కుళాయి తెరిచి గాలి వదలడం, మళ్ళీ తిప్పడం. స్టాండులో పెడితే పై పొర అద్దంలా విడిపోయింది. ఒక ఫన్నెల్‌లో మాత్రం మధ్యలో తెల్లటి పొర మొండికేసింది. దానిలో నాలుగు చుక్కలు ఆల్కహాలు వేసి కాసేపు వదిలేసింది. అదీ విడిపోయింది.

పక్క బల్ల దగ్గర పని చేసే ఇద్దరు కొత్త అమ్మాయిలు తమ పని ఆపి చూస్తున్నారు. వాళ్ళు చేరేనాటికే రోబో వచ్చేసింది. ఆ ఫన్నెల్ వాడటం వాళ్ళు చూడనే లేదు.

నాలుగున్నరకి మొదటి శాంపిల్ మెషీనుకి ఎక్కింది. అభిజిత్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తెర మీద గీత సాగుతూ సాగుతూ, విటమిన్ ఎ రావాల్సిన నిమిషానికి లేచింది. లేచి లేచి తెర పైఅంచు దాటిపోయింది.

"ఇట్లయితే లెక్క కట్టలేం," అన్నాడు అభిజిత్ నెమ్మదిగా. "పది రెట్లు పలచన చేసి మళ్ళీ ఎక్కించండి."

పలచన చేసి ఎక్కించింది. ఈసారి శిఖరం తెరలో ఇమిడింది. లెక్క కట్టారు. ఉండాల్సినదానికి రెండున్నర రెట్లు. రెండోది రెండు. మూడోది దాదాపు మూడు. నాలుగోదీ అంతే. నిన్న పోయినదానిలో నాలుగు రెట్లున్నాయి. పాలపొడి మాత్రం ఎప్పటిలాగే సరిగ్గా ఉంది.

"ఒక్కటి చూద్దాం," అని అభిజిత్ కుర్చీ లాక్కున్నాడు. పొద్దున ఆమె పక్కన పెట్టిన ట్యూబులోని తెట్టుని తనే హెక్సేన్‌లో కరిగించి, కొవ్వుతో కలిసి ఉన్న విటమిన్ కూడా కనబడేట్టు మెషీను మార్చి నడిపించాడు. ఇరవయ్యో నిమిషంలో కొండంత శిఖరం వచ్చింది. తాబేళ్ళ విటమిన్ అంతా అక్కడుంది. ఇన్నాళ్ళూ మెషీను దాన్ని లెక్కపెట్టకుండా వదిలేసింది.

అభిజిత్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వాటికి విటమిన్ తక్కువ లేదు మేడమ్. ఎక్కువై చస్తున్నయ్. పైనుంచి మన రిపోర్టు చూసి ఆమె ఇంకా ఇచ్చింది."

"రేపు తొమ్మిదింటికి మళ్ళీ ఇస్తుంది."

"రూల్ ప్రకారమైతే ముందు క్వాలిటీ మేనేజర్‌కి చెప్పాలె. ఆయన విచారణ పెట్టి, రిపోర్టు వెనక్కి తీసుకున్నాకనే క్లయింటుకి చెప్పాలె. ఆయన సోమవారం దాకా రాడు."

"సోమవారం దాకా ఆగితే ఆ ముప్పై అయిదు తాబేళ్ళు ఏమవుతాయండీ?" అంది నాగమల్లేశ్వరి. "రిపోర్టు మీద పని చేసినవాళ్ళు అన్న చోట ఉన్నది నా పేరే. మాట వస్తే నాకే రానివ్వండి. నంబరివ్వండి, నేను చెప్తాను."

తొమ్మిదేళ్ళలో ఆమె ఆ గొంతుతో మాట్లాడటం ఎవరూ వినలేదు. అభిజిత్ ఆమెని ఒక్క క్షణం చూసి, తన ఫోను తీశాడు.

"పద్ధతి నాది. ఫోన్ నేనే చేస్తా. లెక్కలు మీరు చెప్పండి."

స్పీకర్‌లో హుయ్ మిన్ గొంతు వచ్చింది. అభిజిత్ ఏ వంకా చెప్పకుండా మా రిపోర్టులు తప్పు అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఫోను బల్ల మీద పెట్టి నాగమల్లేశ్వరి వైపు జరిపాడు. ఆమె ఒక్కో అంకె చదివింది. అవతల హుయ్ మిన్ వాటిని రాసుకుంటున్న చప్పుడు వచ్చింది.

"ఆంటీ, యూ ష్యూర్ ఆ?" అంది చివరికి హుయ్ మిన్.

"ష్యూర్ డాక్టర్. అయిదు కాలేయాలు చేశాను, నా చేత్తో. రేపు ఇంజెక్షన్ ఇవ్వొద్దు. అసలు వాటికి ఏం పెడుతున్నారు?"

హుయ్ మిన్ పక్కనున్న ఎవరినో అడిగింది. కేంద్రంలో సేవకి వచ్చేవాళ్ళు, తాబేళ్ళు నీరసంగా ఉన్నాయని జాలిపడి, రెండు నెలలుగా రోజూ కోడి కాలేయం, కాడ్ లివర్ ఆయిల్ కలిపి పెడుతున్నారట. ఆ మాట వినగానే నాగమల్లేశ్వరి కళ్ళు మూసుకుంది. విటమిన్ ఎ కోసం వెతికితే అంతకన్నా పెద్ద గని దొరకదు.

"ఇవాళే ఆపేస్తాను," అంది హుయ్ మిన్. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాగమల్లేశ్వరి జరిగిందంతా చెప్పింది. కూతురు అక్షర పాలిటెక్నిక్‌లో రెండో ఏడాది చదువుతోంది. చెంచా కంచంలో వదిలేసి వింది.

"మా, వెయిట్. నీ రిపోర్టు తప్పని నువ్వే వెళ్ళి నీ బాస్‌కి చెప్పావా? జాబ్ పోతే హౌ?"

"పోతే పోనీ," అన్నాడు వీరాస్వామి. భార్య కంచంలో ఇంకొంచెం పెరుగు వేశాడు. "నేను ప్లాంటులో ఇన్నేళ్ళుగా చూస్తున్నా. గేజు తప్పు చూపిస్తోందని పైవాళ్ళకి చెప్పడానికి గుండె కావాలి. మల్లీ, మంచి పని చేశావు."

అక్షర తల్లిని కొత్తగా చూసింది. "స్టెడీ లా, మా," అంది. ఇక్కడి పిల్లల నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు రాదు.

ఉద్యోగం పోలేదు. సోమవారం విచారణ జరిగింది. అభిజిత్ తప్పు తనదే అని కాగితం మీద రాసిచ్చాడు. తెట్టు చూసి చెప్పకపోవడం తన తప్పని నాగమల్లేశ్వరి కూడా రాసిచ్చింది. క్వాలిటీ మేనేజర్ రెండూ చదివి, ఒక్క ప్రశ్న అడిగాడు: కొవ్వెక్కువ ఉన్న శాంపిళ్ళు ఈ పద్ధతిలో ఇంకెన్ని జరిగాయి? లెక్క తీస్తే ముప్పై ఏడు రిపోర్టులు తేలాయి, కొన్నిటిలో పదుల కొద్దీ శాంపిళ్ళు. అన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. అన్నిటినీ మళ్ళీ చేయాలి. చేత్తో చేయగలిగింది ల్యాబు మొత్తంలో ఒక్కరే.

ఆరు వారాలు పట్టింది. ఆ ఇద్దరు కొత్త అమ్మాయిలని పక్కన పెట్టుకుంది. మొదటి రోజు వాళ్ళిద్దరి ఫన్నెళ్ళలోనూ నురగే. రెండో వారానికి ఒకమ్మాయికి పొర విడిపోయింది. "ఆంటీ, చూడండి!" అని కేక వేస్తే గదిలో అందరూ తిరిగి చూశారు. ముప్పై ఏడు రిపోర్టుల్లో తొమ్మిదింటి అంకెలు మారాయి. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. రోబోని తీసేయలేదు. పలచటి శాంపిళ్ళకి అదే మంచిదని నాగమల్లేశ్వరే చెప్పింది. కొవ్వెక్కువ ఉంటే మాత్రం నీళ్ళు పోసి తెట్టు చూడకుండా ముందుకి పోకూడదని కొత్త పద్ధతి పుస్తకంలో చేర్చారు. అభిజిత్ ఆ అధ్యాయం ఆమె చేతే రాయించాడు. ఆమె తెలుగులో చెబితే అతను ఇంగ్లీషులో పెట్టాడు. ఒకచోట అతను చక్కగా రాశాననుకున్న వాక్యం ఆమె కొట్టేసింది. "ఇది చదివి కొత్తవాళ్ళు గట్టిగా ఊపేస్తారండీ," అంది. అతను నవ్వి మార్చాడు. రాసినవారు అన్న చోట ఆమె పూర్తి పేరు పడింది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం హుయ్ మిన్ నాగమల్లేశ్వరి ఇంటివాళ్ళందరినీ క్రాంజీకి పిలిచింది. వీరాస్వామికి షిఫ్టు పడింది. తల్లీకూతుళ్ళు వెళ్ళారు. ముప్పై అయిదు తాబేళ్ళలో మూడు ఆ మొదటి వారంలోనే పోయాయి. ముప్పై రెండు బతికాయి. వాటికి ఆకుకూరలు పెట్టి, పుళ్ళకి మందు రాసి, నెమ్మదిగా నిలబెట్టారు. హుయ్ మిన్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని మెడ చూపించింది. చర్మం లేత గులాబి రంగులో కొత్తగా వస్తోంది.

కేంద్రంలో సేవ చేసేవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. కాలేయం పెట్టిన ముసలావిడ కూడా అందులో ఉంది. హుయ్ మిన్ వాళ్ళకి చెప్పింది: "ఈవిడే కెమిస్ట్. ఈవిడ చెప్పకపోతే ఆ శుక్రవారం నేనే వీటిని చంపేసేదాన్ని."

కెమిస్ట్ అని తననెవరూ ఇంతకుముందు అనలేదు. టెక్నీషియన్ అన్నారు, ఆంటీ అన్నారు. నాగమల్లేశ్వరి తల దించుకోలేదు. ముసలావిడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ప్రేమతో పెట్టారు. ఎంత ఉందో మీకెలా తెలుస్తుంది? అది చెప్పాల్సింది మేము," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

తిరుగు రైలులో క్రాంజీ దగ్గర సీట్లు దొరికాయి. రైలు కదిలాక అక్షర ఫోను సంచిలో పెట్టేసింది.

"మా, ఆ ఫన్నెల్ పని... నాకు ఫస్ట్ నుంచి చెప్పు. లివర్ నుంచి."

నాగమల్లేశ్వరి మొదటి నుంచి మొదలుపెట్టింది. తూచడం, క్షారం, తెట్టు, సబ్బు. చేతులు గాలిలో తిప్పుతూ ఎంత జోరుగా ఊపాలో చూపించింది. ఎదురు సీటులో ఉన్న చైనీస్ పెద్దాయన ఆ చేతులనే చూస్తున్నాడు. అక్షర మధ్యలో ప్రశ్నలు వేసింది, కొన్ని మంచివి కూడా. రైలు జురాంగ్ ఈస్ట్‌లో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. నాగమల్లేశ్వరి అప్పటికి రెండోసారి కడగడం దగ్గరికి వచ్చింది. మిగతాది ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, గొంతు తగ్గించకుండా చెబుతూనే ఉంది.